మూడు ఎర్ర మరలు

ఫిబ్రవరి. కుషిరో రేవులో
పడవల తాళ్లు కూడా గడ్డకట్టి కర్రలయ్యాయి.
అట్టపెట్టెను చంటిబిడ్డలా గుండెకానించుకుని
మూడంతస్తుల మెట్లెక్కి
హతకెయామ గారి తలుపు తట్టాను.

"పెట్టు, మోగించు" అన్నాడు,
నేను బూట్లు విప్పేలోపే.
"ఆగాలండీ, గంటసేపు.
చలిలోంచి వచ్చింది. లోపల దానికో కన్నుంది.
వెచ్చటి గదిలోకి రాగానే
కళ్లద్దాల్లాగే మసకబారుతుంది.
చెమ్మ ఆరేదాకా ముట్టుకోకూడదు."

ఆయన నా కళ్లద్దాలకేసి చూశాడు.
టీ పోశాడు.

గంటంటే గంటే.
గడియారాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు,
ముప్పై ఒక్క ఏళ్లు చేపల ఓడల్లో రేడియో ఆపరేటరు,
నిమిషాన్ని ఎగ్గొట్టడం తెలియని మనిషి.

ఈలోగా తీగలు.
ఎరుపులో ఎరుపు, తెలుపులో తెలుపు.
రికార్డు ప్లేయరు కన్నంలో మాత్రం గుచ్చొద్దండి,
అది గుసగుసను కేకగా పెంచే కన్నం,
స్పీకర్ల గుండె పగులుతుంది.
పక్కన ఖాళీగా ఉంది చూడండి, అందులో.
కింద బల్ల ఊగకూడదు.
పైన పూలకుండీ వద్దు.
నేను చెప్పినవన్నీ పాత క్యాలెండరు వెనక
అంకెలు వేసి రాసుకున్నాడు.

గంటయింది.
పళ్లెం నాలుకలా బయటికొచ్చింది.
అప్పడాన్ని పట్టినట్టు అంచులు పట్టి
బొమ్మ వైపు పైకి ఉండేలా పెట్టి
మీట నొక్కాను.
నాలుక లోపలికి. చిన్న కిరకిర.
అద్దంలో సున్నాలు.
సున్నాలే.
మింగుడుపడలేదన్నట్టు
పళ్లెం మళ్లీ బయటికి.

మళ్లీ నొక్కాను. మళ్లీ.
అంత చలిలో వీపంతా చెమట.
ఆయనే లేచి, సీడీ తీసేసి,
ప్లేయరును ఒడిలోకి ఒరిగించి
పొట్ట కింద వేళ్లతో తడిమాడు.
"ఇవేమిటి?"

మూడు ఎర్ర మరలు.
దారి కుదుపులకు కన్ను చెదరకుండా
ఫ్యాక్టరీలో బిగించినవి.
అవి విప్పేదాకా లోపలున్నది
గుంజకు కట్టేసిన లేగదూడే.
పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.
నేను మొదటి పేజీలు చదవను.

పది యెన్ల నాణెంతో ఆయనే విప్పాడు.
"ఓడలోనూ ఇంతే" అన్నాడు.
"లంగరెత్తకుండా ఇంజన్ను తిట్టేవాళ్లం."

ఈసారి సున్నా ఒకటయింది.
ఏమీ వినబడలేదు.
సూది దిగిన చప్పుడు లేదు,
గరగర లేదు, చిటపట లేదు.
ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.
"పోయిందా?"

ఎందుకడిగాడో ఆ తర్వాత చెప్పాడు.
ఆకాశం ఎప్పుడూ గరగరలాడుతూనే ఉంటుందట.
మనిషి గొంతును ఆ ఇసుకలోంచే ఏరుకోవాలి.
ఒక్క రాత్రి మాత్రం ఏరడానికేమీ దొరకలేదు:
పదకొండో కోఎయ్ మారు, పద్నాలుగు మంది.
తెల్లారేదాకా పిలిచాడు.
ఇసుకే జవాబు.
ఇసుక కూడా లేని చోటికి రావడం
ఆయనకిదే మొదటిసారి.

"పోలేదండీ, ఆగండి" అనబోయాను.

అంతలో ఎవరో ఊపిరి పీల్చారు.

ఆ గదిలో మేమిద్దరమే.
పీల్చింది ఆ సెల్లో వాయించే ఆవిడ,
కమాను తీగను తాకబోయే ముందు.
ఆయన చెయ్యి దానంతటదే లేచి
చెవికి అదుముకుంది,
హెడ్‌ఫోను అక్కడే ఉన్నట్టు.
"ఉంది" అన్నాడు. "మనిషుంది."

ఆ వెనకే సంగీతం వచ్చింది.
దాన్నాయన పెద్దగా పట్టించుకోలేదు.
"వెనక్కి వెళ్లే మీట ఏది?" అన్నాడు.
చూపించాను.

ఇల్లు మారేటప్పుడు మరలు మళ్లీ బిగించాలని చెప్పాను.
"నేనెక్కడికి మారతాను" అంటూనే
మూడింటినీ అగ్గిపెట్టెలో వేసి
మూత మీద తేదీ రాశాడు.

మెట్లు దిగుతుంటే గోడలోంచి వినిపిస్తోంది,
ఒక్క సెకను సెల్లో, ఆగడం,
మళ్లీ మొదలు.
సెల్లోకి ముందున్నది
మెట్ల దాకా రాదు.
అది ఆయనకే.

రసీదు మీద ఆయన ముద్ర వేయించుకోవడం
వీధి చివరికి వచ్చాక గుర్తొచ్చింది.
వెనక్కి వెళ్లలేదు.